కర్క్యుమిన్ జెల్: కరగడం ఒక పని, చర్మంలోకి వెళ్లడం వేరే పని

మీ ప్రశ్న సారాంశం ఇది. ఎం.ఫార్మసీ ప్రాజెక్టు కోసం పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ 1 శాతం ఉండే, చర్మానికి రాసే జెల్ తయారు చేస్తున్నారు. కర్క్యుమిన్‌ను పీఈజీ 400 అనే ద్రావణిలో కరిగించి, నీటిలో నానిన కార్బోపాల్‌లో (జెల్‌గా చిక్కబరిచే ఆమ్ల పాలిమర్) కలిపి, చివర దానిని తటస్థీకరించే ట్రైఇథనాలమైన్ అనే క్షారం వేస్తున్నారు. అది పడిన చోట జెల్ ఎర్రబడుతోంది. వారం పది రోజులకు వేళ్ల మధ్య రుద్దితే గరుకుగా తగులుతోంది. ఫ్రాంజ్ సెల్‌లో (పైన జెల్, మధ్యలో చర్మం లేదా పొర, కింద ద్రవం ఉండే పరికరంలో) పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్ పెడితే 24 గంటల తరువాత కూడా రిసెప్టర్‌లో, అంటే ఆ కింది ద్రవంలో, మందు కనబడటం లేదు. కాబట్టి ఇంకా బాగా కరిగించే ద్రావణికి మారాలా, లేక నానోఎమల్షన్ (నీటిలో అతిచిన్న నూనె బొట్టులు పరుచుకున్న ద్రవం) చేయాలా అని అడిగారు.

ఈ మూడు ఇబ్బందులకు మూలం ఒకటి కాదు. ఎర్రబడటం పీహెచ్ వల్ల వస్తోంది. గరుకుదనం, నీరు కలిసినప్పుడు ద్రావణి బలం తగ్గిపోవడం వల్ల వస్తోంది. రిసెప్టర్ ఖాళీగా ఉండటానికి ప్రయోగాన్ని అమర్చిన తీరే చాలావరకు కారణం. ఇంకా బలమైన ద్రావణి వీటిలో ఒక్కదానిని, అంటే గరుకుదనాన్ని, తగ్గించవచ్చు. కానీ అసలు ప్రయోజనాన్ని అదే దెబ్బతీయగలదు. ఎందుకంటే కర్క్యుమిన్‌ను అతి సుఖంగా తనలో ఉంచుకునే జెల్ దానిని చర్మానికి ఇవ్వడానికి అంతగానూ వెనకాడుతుంది. నీటిలో కరగని మొక్కల పదార్థాలతో పూతమందులు చేసేవారిలో చాలామంది ద్రావణీయతను పెంచడమే లక్ష్యమనుకుంటారు. లక్ష్యం అది కాదు. పదార్థం కరిగి ఉంటూనే, జెల్‌ను విడిచి పోవడానికి సిద్ధంగా ఉండాలి. నా సమాధానమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా అణువు సంగతి. కర్క్యుమిన్ అణుభారం సుమారు 368. చర్మంలోకి చొరబడే పదార్థాలు 500 డాల్టన్ల లోపు ఉంటాయని 2000 సంవత్సరంలో బాస్, మైనార్డి చెప్పిన నియమానికి అది ఇబ్బంది లేకుండా సరిపోతుంది. నూనెకూ నీటికీ మధ్య పంపిణీ చూపే లాగ్ పీ విలువ 3 దగ్గర ఉంటుంది. అదీ చెడ్డదేమీ కాదు. అసలు చిక్కు ద్రవీభవన స్థానంలో ఉంది. అది దాదాపు 183 డిగ్రీల సెల్సియస్. స్ఫటికంలో అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయని దీని అర్థం. అందువల్ల అది నీటిలోనే కాదు, చాలా నూనెలలోనూ, చర్మం పైపొరలోని కొవ్వులలోనూ అంతంత మాత్రంగానే కరుగుతుంది. మీరు ఎంత నేర్పుగా జెల్ చేసినా చర్మం ఒక హద్దు దాటి దానిని తీసుకోలేదు. ఈ హద్దును ముందే ఒప్పుకుంటే తరువాతి నిర్ణయాలు తేలికవుతాయి.

ఇక ఎర్రబడటం. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి కావడం మన ఇళ్లలో అందరూ చూసినదే. మీ బీకరులో జరుగుతున్నదీ ఆ రసాయన చర్యే. క్షారం తగిలినప్పుడు కర్క్యుమిన్ తన ప్రోటాన్లను కోల్పోయి ఎర్రని రూపంలోకి మారుతుంది. ట్రైఇథనాలమైన్‌ను నేరుగా వేసినప్పుడు ఆ చుక్క పడిన చోట కొంతసేపు పీహెచ్ బాగా పెరుగుతుంది. అప్పటికే చిక్కబడుతున్న జెల్‌లో చుక్క వెంటనే పరుచుకోలేదు. స్టిర్రర్ రెక్క దానిని దారాలుగా సాగదీస్తుంది. మీకు కనబడిన ఎర్రని చారలు ఆ దారాలే. కాసేపు కలిపితే చారలు పోయి జెల్ మళ్లీ పసుపు రంగుకు వస్తుంది, కానీ ఆ కాసేపట్లో కొంత కర్క్యుమిన్ శాశ్వతంగా విచ్ఛిన్నమై ఉంటుంది. 1997లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, సీరం కలపని పీహెచ్ 7.2 ఫాస్ఫేట్ బఫర్‌లో, 37 డిగ్రీల వద్ద, కర్క్యుమిన్ దాదాపు 90 శాతం అరగంటలోనే చెడిపోయింది. ఆమ్ల పీహెచ్‌లో అది చాలా నెమ్మదిగా చెడుతుంది. మైసెల్లలోనో (సబ్బులాంటి అణువులు చేరి కట్టే అతిచిన్న గుంపులలో) నూనె బొట్టులలోనో ఉన్నప్పుడు కూడా కొంత రక్షణ దొరుకుతుంది. కానీ ఆ రక్షణను నమ్ముకుని క్షారాన్ని తెచ్చి పోయడం తగదు.

దీనికి పరిష్కారం వరుస మార్చడమే. కార్బోపాల్‌ను నీటిలో చల్లి, రాత్రంతా నానబెట్టి, గడ్డలు లేవని చూసుకున్నాక, మందు కలపకముందే తటస్థీకరించండి. ట్రైఇథనాలమైన్‌ను నీటిలో పలచగా కలిపి కొంచెం కొంచెంగా వేస్తూ పీహెచ్ 5.5 దగ్గర ఆపండి. ఆ పీహెచ్ వద్దనే పూతమందుకు కావలసినంత చిక్కదనం వస్తుంది. 7 దాకా తీసుకుపోవాలన్న నియమం ఏదీ లేదు, చర్మం సహజ పీహెచ్ కూడా ఆమ్లం వైపే ఉంటుంది. ఆ తరువాత, గది ఉష్ణోగ్రతలో, కర్క్యుమిన్ ఉన్న ద్రవాన్ని కలపండి. ఇలా చేస్తే కర్క్యుమిన్‌కు గాఢమైన క్షారం ఎక్కడా ఎదురుపడదు. మీరు కార్బోపాల్ 940 వాడుతున్నట్లయితే 980కి మారడం మంచిది. 940ని బెంజీన్‌లో తయారు చేస్తారు. 980 దాదాపు అలాంటి జెల్‌నే ఇస్తుంది, బెంజీన్ సమస్య ఉండదు.

నా ఇష్టాన్ని అడిగితే మాత్రం కర్క్యుమిన్‌కు కార్బోపాల్ కంటే సెల్యులోజ్ పాలిమర్లే మేలంటాను. హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌కు తటస్థీకరణ అక్కరలేదు, ఆల్కహాల్ ఉన్న ద్రవాలలోనూ అది చక్కగా ఉబ్బుతుంది. అదే జాతికి చెందిన హెచ్‌పీఎంసీకి (హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్) ఇంకొక గుణం ఉంది, దాని సంగతి కొంచెం కిందికి వచ్చాక చెబుతాను. మరొక జాగ్రత్త: ఏ దశలోనూ బోరేట్ బఫర్‌ను దగ్గరికి రానివ్వకండి. బోరాన్‌తో కర్క్యుమిన్ ఎర్రని సంక్లిష్టాలను ఏర్పరుస్తుంది. బోరాన్‌ను గుర్తించే పాత పరీక్ష దాని మీదే ఆధారపడింది. ఇనుము, రాగి అయాన్లతోనూ కర్క్యుమిన్ జతకడుతుంది కాబట్టి ఆ అయాన్లను పట్టి ఉంచే డైసోడియం ఈడీటీఏ 0.05 నుంచి 0.1 శాతం ఉపయోగపడుతుంది. అయితే అది లవణం. కార్బోపాల్ జెల్‌ను కొంత పలచన చేస్తుంది.

గరుకుదనం విషయం మరింత శ్రద్ధగా చూడాలి. పీఈజీ 400లో కర్క్యుమిన్ బాగా కరిగింది కదా, దానికి సమానంగా నీరు కలిపితే ద్రావణీయత సగానికి తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అలా తగ్గదు. నీరు, సహద్రావణి కలిసిన మిశ్రమాలలో ద్రావణీయత లాగరిథమ్ ప్రకారం మారుతుందని యాల్కోవ్‌స్కీ నమూనా చెబుతుంది. ఉదాహరణకు ఒక పదార్థం శుద్ధమైన ద్రావణిలో నీటిలో కంటే 10,000 రెట్లు ఎక్కువ కరుగుతుందనుకోండి. ద్రావణి, నీరు సగం సగం కలిపిన మిశ్రమంలో ద్రావణీయత సగం కాదు, నూరవ వంతు అవుతుంది. నీటిలో దాదాపు కరగని కర్క్యుమిన్ విషయంలో ఈ పతనం ఇంకా నిటారుగా ఉంటుంది. మీ జెల్‌లో పీఈజీ 400 పాలు ఎంతో మీరు రాయలేదు. మూడో వంతో నాలుగో వంతో అయితే 1 శాతం కర్క్యుమిన్ అందులో కరిగి ఉండే అవకాశం లేదు. తయారు చేసిన రోజు కరిగినట్టు కనబడింది అతిసంతృప్త స్థితి మాత్రమే, అంటే కరగగల హద్దు దాటి తాత్కాలికంగా కరిగి ఉండటం. జెల్ చిక్కదనం వల్ల స్ఫటికాలు పుట్టడం ఆలస్యమైంది, అంతే.

దీనిని కంటితో నిర్ధారించవచ్చు. పోలరైజ్డ్ సూక్ష్మదర్శిని ఉన్న ప్రయోగశాల మీ కళాశాలలోనే ఉండవచ్చు. చిన్న బొట్టు జెల్‌ను గాజు పలక మీద పెట్టి, పైన కవర్ స్లిప్ వేసి, నొక్కకుండా వదిలి, పోలరైజర్లను అడ్డంగా తిప్పి చూడండి. నేపథ్యం నల్లబడుతుంది. అందులో సన్నని సూదులు, కొన్నిచోట్ల ఒకే కేంద్రం నుంచి విచ్చుకున్న సూదుల గుత్తులు మెరుస్తూ కనిపిస్తే అవి కర్క్యుమిన్ స్ఫటికాలు. పలకను గుండ్రంగా తిప్పుతుంటే ఒక్కొక్క సూది వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. గాలి బుడగలు గుండ్రంగా, నల్లని అంచుతో ఉంటాయి, ఇలా మెరవవు. నానని కార్బోపాల్ గడ్డలకు మసకబారిన అంచులు ఉంటాయి. తయారైన రోజు, మరునాడు, వారానికి, నెలకు ఇలా చూసి ఫొటోలు తీసి పెట్టుకోండి. ఇంకా కఠినమైన పరీక్ష కావాలంటే కొద్దిపాటి జెల్‌లో ఒక్క రేణువంత కర్క్యుమిన్ పొడిని విత్తనంగా వేసి ఉంచండి. జెల్ నిజంగా సంతృప్తికి లోపలే ఉంటే ఆ రేణువు కరగాలి, లేదా కనీసం పెరగకూడదు. అతిసంతృప్తంగా ఉంటే దాని చుట్టూ సూదులు మొలుస్తాయి. నెల రోజులు వేచి చూడకుండా నిజం తెలుసుకునే మార్గమిది.

కాబట్టి మొదట చేయవలసిన కొలత ద్రావణీయత. అది విడి ద్రావణులలో కాదు, జెల్‌లో చివరకు ఉండబోయే ద్రవంలోనే జరగాలి. పాలిమర్ ఒక్కటి తప్ప మిగతావన్నీ ఉన్న ద్రవాన్ని పీహెచ్ 5.5 వద్ద తయారు చేసి, ముదురు రంగు సీసాలో కర్క్యుమిన్‌ను అధికంగా వేసి, 25 డిగ్రీల వద్ద ఒకటి, 32 డిగ్రీల వద్ద ఒకటి, రెండు మూడు రోజులు కుదిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవాన్ని మెథనాల్‌తో పలచబరచి కొలవండి. వడపోసే పక్షంలో నైలాన్ ఫిల్టర్ వద్దు, అది కర్క్యుమిన్‌ను పట్టేసుకుంటుంది. ఇతర ఫిల్టర్లలోనూ మొదటి భాగాన్ని పారబోసి తరువాతి భాగాన్నే తీసుకోండి. ప్లాస్టిక్ గొట్టాలకు కూడా కర్క్యుమిన్ అంటుకుంటుంది, గాజు మేలు.

ఆ సంఖ్య చేతికి వచ్చాక మీ 1 శాతం గురించి ఆలోచించండి. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? బహుశా పాత థీసిస్‌ల నుంచి వచ్చి ఉంటుంది. ఎంత మందు పెట్టాలన్నది ద్రావణీయత నిర్ణయించాలి. ఎందుకో చెబుతాను.

పదార్థం ఒక పొర గుండా వ్యాపించే వేగాన్ని చెప్పే ఫిక్ సూత్రాన్ని పాఠ్యపుస్తకాలలో గాఢతతో రాస్తారు కాబట్టి గాఢత పెరిగితే చర్మంలోకి వెళ్లే వేగం పెరుగుతుందని మనసులో పడిపోతుంది. నిజానికి తోసే బలం గాఢత కాదు, ఉష్ణగతిక క్రియాశీలత. స్థూలంగా చెప్పాలంటే జెల్ తన సంతృప్త స్థితికి ఎంత దగ్గరగా ఉందన్నది. దీనిని ఔషధ శాస్త్రవేత్త టకేరు హిగుచి 1960 నాటికే స్పష్టంగా వివరించారు. ద్రావణులు చర్మాన్ని మార్చకుండా ఉన్నంతవరకు, ఒకే పదార్థపు సంతృప్త ద్రావణాలన్నీ, వాటిలో గాఢత ఎంత వేరుగా ఉన్నా, చర్మంలోకి దాదాపు ఒకే వేగంతో దానిని పంపుతాయి. ఇప్పుడు రెండు జెల్‌లను ఊహించండి. రెండింటిలోనూ కర్క్యుమిన్ 0.5 శాతమే. మొదటి దాని ద్రవం 0.6 శాతం వరకు కరిగించగలదు, రెండవది 5 శాతం వరకు కరిగించగలదు. ట్యూబు మీద ఒకే అంకె ఉంటుంది, పరీక్షలో మందు శాతమూ సరిపోతుంది. కానీ మొదటిది 83 శాతం సంతృప్తంగా ఉంది, రెండవది 10 శాతమే. చర్మం వైపు తోసే బలంలో ఎనిమిది రెట్ల తేడా ఉంది. ‘బాగా కరిగించిన’ జెల్ ఇక్కడ ఓడిపోయింది.

అందుకే మీ మొదటి ఆలోచనకు, అంటే మరింత బలమైన ద్రావణికి, నేను ఒప్పుకోలేకపోతున్నాను. నిల్వ ఉండే ఉష్ణోగ్రతలో 80 నుంచి 90 శాతం సంతృప్తి దగ్గర ఉండేలా మందును, ద్రావణిని సరిచూసుకోండి. మందు 0.2 శాతానికో 0.3 శాతానికో దిగినా బాధపడకండి. గరుకుదనం పోతుంది, చర్మంలోకి వెళ్లే మోతాదు మాత్రం తగ్గదు. చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత పడిపోయే ఊళ్లకూ ఈ జెల్ వెళుతుందనుకుంటే ఆ ఉష్ణోగ్రత వద్ద కూడా ద్రావణీయత చూడాలి.

దీనికి ఇంకొక మెలిక ఉంది, చాలా థీసిస్‌లలో అది కనిపించదు. జెల్ ట్యూబులో ఉన్నట్టు చర్మం మీద ఉండదు. పలచగా రాసిన కొద్ది నిమిషాలలో అందులోని నీరు ఆవిరవుతుంది. పీఈజీ 400 ఆవిరి కాదు, చర్మంలోకీ పెద్దగా వెళ్లదు. అంటే నీరు పోయేకొద్దీ చర్మం మీద మిగిలేది పీఈజీ పాలు ఎక్కువైన, ఇంకా బాగా కరిగించే ద్రవం. అందులో కర్క్యుమిన్ హాయిగా కూర్చుంటుంది. సంతృప్తి శాతం రాసిన తరువాత పడిపోతుంది. అదే ఆల్కహాల్ లాంటి, కరిగించే గుణం ఉండి ఆవిరయ్యే ద్రావణి అయితే వ్యవహారం తిరగబడుతుంది: అది పోయేకొద్దీ మిగిలిన ద్రవం సంతృప్తికి చేరి దాటుతుంది, తోసే బలం పెరుగుతుంది. ప్రొపైలీన్ గ్లైకాల్, ట్రాన్స్‌క్యుటాల్ అనే ద్రావణులైతే స్వయంగా చర్మంలోకి వెళ్లి అక్కడి ద్రావణీయతను పెంచుతాయి. కాబట్టి పీఈజీ 400ను పూర్తిగా తీసివేసి, ట్రాన్స్‌క్యుటాల్, ప్రొపైలీన్ గ్లైకాల్, కొంత ఇథనాల్ కలిపిన మిశ్రమంతో మొదలుపెట్టమని నా సలహా. పుండ్ల మీద, పగిలిన చర్మం మీద వాడే జెల్ అయితే ఇథనాల్ మంట పుట్టిస్తుంది, అప్పుడు దానిని వదులుకోవలసిందే.

హెచ్‌పీఎంసీ గురించి చెబుతానన్నది ఇక్కడే. అతిసంతృప్తి చర్మం మీద ఏర్పడినప్పుడు స్ఫటికాలు వెంటనే పుట్టకుండా హెచ్‌పీఎంసీ, పీవీపీ లాంటి పాలిమర్లు కొంతసేపు అడ్డుకుంటాయి. జెల్‌ను చిక్కబరచడానికి పెట్టిన పాలిమరే ఈ రెండో పని కూడా చేస్తుంది. అతిసంతృప్తిని ట్యూబులో కాకుండా చర్మం మీద పుట్టించి, అది కొన్ని గంటలు నిలిచేలా చేయడం ఈ జాతి జెల్‌లలో నాకు అన్నిటికంటే అందంగా తోచే ఉపాయం.

నానోఎమల్షన్ గురించి మీ రెండవ ఆలోచన. దానిని నేను కొట్టిపారేయను, కానీ అది పైన చెప్పిన లెక్క నుంచి తప్పించుకునే దారి కాదు. నూనె బొట్టులోనో మైసెల్‌లోనో ఉన్న కర్క్యుమిన్ కరిగినట్టే లెక్క, కానీ స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు. సర్ఫాక్టెంట్ (నూనెనూ నీటినీ కలిపి ఉంచే సబ్బులాంటి పదార్థం) ఎక్కువైనకొద్దీ అది మైసెల్లలోనే ఉండిపోతుంది. బొట్టు పరిమాణం 50 నానోమీటర్లా, 150 నానోమీటర్లా అనే దాని కంటే ఆ బొట్టు కర్క్యుమిన్‌తో ఎంత నిండి ఉందన్నదే ముఖ్యం. బొట్టులు చెక్కుచెదరకుండా చర్మం పైపొరను దాటి పోతాయన్న వాదన కూడా చాలా పత్రాలలో కనిపిస్తుంది. పగలని చర్మంలో వాటికి వెంట్రుకల కుదుళ్లలో చేరడం సాధ్యమే గాని, గట్టిగా పేర్చిన పైపొరను పూర్తిగా దాటడం సాధారణంగా జరగదు. బొట్టు ఇచ్చే మేలు వేరే: పైపొరను అంటిపెట్టుకుని ఎక్కువ వైశాల్యంలో మందును అందించడం, కర్క్యుమిన్‌ను నీటి నుంచి కాపాడటం. ఆ మేలు కోసం చేయాలనుకుంటే చేయండి.

మైక్రోఎమల్షన్, నానోఎమల్షన్ రెండూ ఒకటి కావు. మొదటిది తనంతట తాను ఏర్పడే స్థిరమైన వ్యవస్థ, దానికి సర్ఫాక్టెంట్, కో-సర్ఫాక్టెంట్ ఎక్కువ పాళ్లలో కావాలి. రెండవది శక్తి వెచ్చించి బలవంతంగా చేసేది, తక్కువ సర్ఫాక్టెంట్‌తో నడుస్తుంది, కానీ కాలక్రమేణా విడిపోతుంది. వాచిన చర్మానికి వాడే మందులో 30 శాతం సర్ఫాక్టెంట్ మిశ్రమం పెట్టడం నాకు నచ్చదు, వాపును తగ్గించాలని రాసిన మందే చర్మాన్ని చికాకు పెడుతుంది. అల్ట్రాసోనిక్ ప్రోబ్ వాడితే మంచు గిన్నెలో పెట్టి, ఆపి ఆపి నడపండి. వేడికి కర్క్యుమిన్ చెడుతుంది, ప్రోబ్ నుంచి టైటానియం రేణువులు రాలి కలుస్తాయి. జెల్‌లో కలిపిన తరువాత బొట్టు పరిమాణాన్ని మళ్లీ కొలవాలి. కలపకముందు తీసిన అంకెను జెల్‌కు అంటగట్టకూడదు.

ఇప్పుడు రిసెప్టర్. పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్‌లో, 24 గంటలపాటు కర్క్యుమిన్ కోసం వెతకడమంటే అది కరగని, కరిగిన కాస్తా నిలవని ద్రవంలో వెతకడం. చర్మాన్ని దాటిన అణువులకు అక్కడ చోటు లేదు, చేరిన కొన్ని అణువులూ విచ్ఛిన్నమయ్యాయి. సున్నా రావడం చర్మం గురించి ఏమీ చెప్పడం లేదు. రిసెప్టర్ ద్రవాన్ని ఎంచుకునే ముందు అందులో కర్క్యుమిన్ ద్రావణీయతను, 32 డిగ్రీల వద్ద 24 గంటల స్థిరత్వాన్ని వేరుగా కొలవండి. ప్రయోగం చివరన చేరగల అత్యధిక గాఢత ఆ ద్రావణీయతలో పదో వంతు మించకూడదు. నిల్వ చేసిన, జీవం లేని చర్మంతో చేసేటప్పుడు ఇథనాల్, నీరు సగం సగం వాడటం ఆమోదయోగ్యమైన పద్ధతి. నీటి భాగాన్ని ఆమ్లం వైపు పీహెచ్ 5.5 దగ్గర పెట్టండి. చర్మం ఉపరితలం 32 డిగ్రీల వద్ద ఉండాలి, 37 వద్ద కాదు. రిసెప్టర్‌కు వెలుతురు తగలకుండా సెల్ చుట్టూ అల్యూమినియం రేకు చుట్టండి, పొర కింద బుడగ నిలవకుండా చూసుకోండి.

డయాలసిస్ పొరతో చేసే ప్రయోగాన్నీ చర్మంతో చేసే ప్రయోగాన్నీ కలగలపకండి. మొదటిది జెల్ మందును విడిచే వేగాన్ని చూపుతుంది; అందులో విడుదలైన మొత్తాన్ని కాలం వర్గమూలానికి ఎదురుగా గీస్తే వచ్చే వాలు ఒక బ్యాచ్‌ను మరొక బ్యాచ్‌తో పోల్చడానికి చక్కగా పనికివస్తుంది. అయిదారు గణిత నమూనాలకు అతికించి దేనికి ఆర్ స్క్వేర్ ఎక్కువ వస్తే అదే విధానమని రాయడం వల్ల తెలిసేదేమీ లేదు. గుడ్డు పొర చర్మానికి ప్రత్యామ్నాయం కాదు. ఎలుక చర్మం మనిషి చర్మం కంటే సులభంగా దారి ఇస్తుంది కాబట్టి అందులో వచ్చిన అంకెలు ఆశలు పెంచుతాయి. పంది చెవి చర్మం మనిషి చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. కబేళా నుంచి తెచ్చుకునేటప్పుడు వేడినీటిలో ముంచకముందే తీసుకోవాలి, ముంచితే పైపొర పాడవుతుంది.

అసలు మీకు కర్క్యుమిన్ ఎక్కడికి చేరాలి? సోరియాసిస్ కోసమైనా, వాపు కోసమైనా అది పనిచేయవలసింది పైపొర కింద ఉన్న సజీవ కణాలలో. రక్తంలోకి పోవడం మీ ఉద్దేశం కాదు. కాబట్టి రిసెప్టర్‌లో ఎంత చేరిందన్న అంకె కంటే చర్మంలో ఎంత నిలిచిందన్న అంకె మీ థీసిస్‌కు ప్రాణం. ప్రయోగం ముగిశాక మిగిలిన జెల్‌ను తుడిచి, అంటుకునే టేపుతో పైపొరను వరుసగా తీసి, మొదటి ఒకటి రెండు టేపులను పైన మిగిలిన జెల్ కింద లెక్కవేసి, మిగతా టేపులనూ కింది చర్మాన్నీ వేరువేరుగా మెథనాల్‌తో తీసి కొలవండి. తుడిచినది, టేపులది, చర్మానిది, రిసెప్టర్‌ది మొత్తం కలిపితే వేసిన మోతాదులో 90 నుంచి 110 శాతం లోపల రావాలి. రాకపోతే ఎక్కడో చెడిపోతోంది, లేదా ఎక్కడో అంటుకుంటోంది. జెల్‌ను చదరపు సెంటీమీటరుకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల చొప్పున, నిజంగా మనిషి రాసుకున్నంత పలచగా వేయండి. సెల్ నిండా కుక్కితే పైన చెప్పిన ఆవిరయ్యే ప్రభావం ఏదీ కనబడదు. కర్క్యుమిన్‌కు సహజంగా ఆకుపచ్చని ప్రతిదీప్తి ఉండటం మీకు వరం. కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని దొరికితే చర్మం అడ్డుకోతలో అది ఎంత లోతుకు దిగిందో ఏ రంగూ కలపకుండానే చూడవచ్చు. అయితే మందు లేని జెల్ రాసిన చర్మాన్ని పక్కన పెట్టి చూడాలి, చర్మానికీ తన సొంత వెలుగు కొంత ఉంటుంది.

కొలిచే పద్ధతి గురించి ఒక మాట. 425 నానోమీటర్ల వద్ద స్పెక్ట్రోఫోటోమీటరు చూపేది మూడు కర్క్యుమినాయిడ్‌ల (పసుపులోని కర్క్యుమిన్, దానికి దగ్గరి రూపాలు) మొత్తం. మార్కెట్‌లో ‘95 శాతం కర్క్యుమిన్’ అని దొరికేది కూడా ఆ మూడింటి మిశ్రమమే; అందులో నిజమైన కర్క్యుమిన్ మూడు వంతులకు అటూ ఇటుగా ఉంటుంది, మిగతాది డెమెథాక్సీ, బిస్‌డెమెథాక్సీ రూపాలు. ఆమ్లం కలిపిన నీరు, అసిటోనైట్రైల్‌తో హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) నడిపితే మూడూ విడివిడిగా వస్తాయి. దుగ్గిరాల నుంచో నిజామాబాద్ నుంచో పసుపు కొమ్ములు తెచ్చి సొంతంగా తీయాలన్న కోరిక సహజమే, మన ప్రాంతపు పంట కూడా. కానీ కొమ్ములో కర్క్యుమినాయిడ్‌లు కొద్ది శాతమే. మిగతా నూనెలు, రెసిన్లు ద్రావణీయతను, చర్మంలోకి వెళ్లే తీరును రెండింటినీ మార్చేస్తాయి. బజారులో దొరికే పొడిలో లెడ్ క్రోమేట్ కల్తీ ప్రమాదం వేరే. జెల్ అభివృద్ధికి విశ్లేషణ పత్రం ఉన్న ముడిపదార్థమే తీసుకోండి.

చిక్కదనం, పరుచుకునే గుణం వంటివి కొలవండి గాని, గాజు పలకల మధ్య బరువు పెట్టి తీసిన అంకె మీద పేజీలు రాయకండి. సంరక్షకం విషయంలో మాత్రం జాగ్రత్త: ట్వీన్ 80 అనే సర్ఫాక్టెంట్ ఎక్కువగా ఉంటే పారాబెన్లు అనే సంరక్షకాలు దాని మైసెల్లలో చిక్కుకుని పనిచేయవు. అప్పుడు సూక్ష్మజీవుల పరీక్ష చేయకుండా మామూలు శాతాన్ని నమ్మకూడదు.

స్థిరత్వ పరీక్షలో 40 డిగ్రీలు, 75 శాతం తేమ వద్ద ఆరు నెలలు ఉంచడం అందరూ చేస్తారు. కర్క్యుమిన్‌కు వెలుతురు అంతకంటే పెద్ద శత్రువు. మందులకు కాంతి పరీక్ష ఎలా చేయాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ1బీ ప్రకారం కనీసం 12 లక్షల లక్స్ గంటల కాంతిని, చదరపు మీటరుకు 200 వాట్ గంటల అతినీలలోహిత కాంతిని చూపించి, తెరిచి ఉంచిన జెల్‌నూ ట్యూబులోని జెల్‌నూ పోల్చండి. లోపల పూత వేసిన అల్యూమినియం ట్యూబు ఉత్తమం. అది వెలుతురును ఆపుతుంది, పిండిన తరువాత గాలిని వెనక్కి పీల్చుకోదు. పసుపు మరక బట్టలకు అంటుతుందన్న ఫిర్యాదు ఎలాగూ వస్తుంది. రంగు లేని టెట్రాహైడ్రోకర్క్యుమిన్‌కు మారితే ఆ గొడవ తీరుతుంది, కానీ అది వేరే పదార్థం. దాని ద్రావణీయత, దాని ప్రభావం మొదటి నుంచి చూడాలి.

కణాల మీద పరీక్షలు చేయించే ఆలోచన ఉంటే ఒక హెచ్చరిక. కర్క్యుమిన్ స్వయంగా రంగుగలది, వెలుగునిచ్చేది, అనేక ప్రొటీన్లకు అంటుకునేది. రంగు మార్పు మీద ఆధారపడిన పరీక్షలను అది తప్పుదోవ పట్టిస్తుందని 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు ప్రచురించిన విస్తృత సమీక్ష ఎత్తిచూపింది. ఆక్సీకరణను అడ్డుకునే గుణాన్ని రంగు మార్పుతో చూసే డీపీపీహెచ్ పరీక్షలో మంచి ఫలితం వచ్చినంత మాత్రాన జెల్ వాపును తగ్గిస్తుందని రాయకండి. గాయాలకు పసుపు వాడకం కొత్తదని ఎక్కడా సూచించకండి కూడా. ఆ విషయం మీద 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన శాస్త్రీయ పరిశోధనా మండలి సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాల సాక్ష్యంతో సవాలు చేయగా 1997లో అక్కడే రద్దు చేశారు. మీ పనిలో కొత్తదనం ఉంటే అది పసుపులో కాదు, మందును విడిచే తీరులో ఉండాలి.

ఎలుకల మీద పరీక్షకు సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి ముందుగానే తీసుకోవాలి. దరఖాస్తులో పెట్టే జెల్ ఫార్ములా మారితే మళ్లీ అనుమతి అడగవలసి రావచ్చు. కాబట్టి చివరి ద్రవంలో ద్రావణీయత, విత్తనం వేసిన జెల్ సూక్ష్మదర్శిని చిత్రాలు, పంది చర్మంలో నిలిచిన మోతాదు, ఈ మూడూ చేతికి రాకముందు దరఖాస్తు పెట్టకండి. ఆ ద్రావణీయత అంకెలను, వాడిన ద్రావణుల పాళ్లతో సహా ఇక్కడ రాస్తే మందు ఎంత శాతం పెట్టాలో కలిసి లెక్క వేద్దాం.